మా నీళ్ళలో ఎంతుందో చెప్పారు, మా పిల్లల ఒంట్లో ఎంతుందో కూడా చెప్పండి

ఫ్లోరైడ్ మీద పనిచేసే పరిశోధకులకు, ప్రజారోగ్య అధికారులకు, డాక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను స్కూల్లో సైన్స్ చెప్పే టీచర్‌ని. మూడేళ్ళ కిందట ఒక పరిశోధన బృందం మా స్కూలుకు వచ్చింది. పిల్లలందరి పళ్ళు చూశారు, ఫొటోలు తీశారు. తలా ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి మర్నాడు పొద్దున మూత్రం పట్టుకు రమ్మన్నారు. అప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. డబ్బా మూత మీద నల్ల మార్కర్‌తో 87 అని రాశారు. ఆ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, ఒలికిపోతుందేమోనని అడుగులో అడుగు వేసుకుంటూ స్కూలుకు తెచ్చింది. ఇచ్చేశాక, పరీక్ష రాసొచ్చిన పిల్ల మార్కుల గురించి అడిగినట్టే, "నాకు ఎంతొచ్చిందో ఎప్పుడు చెప్తారమ్మా?" అని అడిగింది. నేను సంతకం పెట్టిన కాగితంలో ఫలితాలు తల్లిదండ్రులకు తెలియజేస్తామని ఉంది. అందుకే ఒకట్రెండు నెలల్లో చెప్తారన్నాను.

ఇప్పటికీ చెప్పలేదు. మూడు ఉత్తరాలు రాశాను. రెండుసార్లు సెలవు పెట్టి స్వయంగా వెళ్ళాను. మొదటిసారి "రిపోర్టులో వస్తుంది" అన్నారు. రిపోర్టు వచ్చింది. అందులో మా స్కూలు పిల్లల సగటు ఉంది గానీ ఏ బిడ్డది ఎంతో లేదు. రెండోసారి నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసుకు పంపారు. అక్కడాయన రిజిస్టర్ తెరిచి చూసి, "మీ నీళ్ళు 1.4 అమ్మా, లిమిట్ లోపలే ఉన్నాయి, టెన్షన్ పడకండి" అన్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. కానీ నేను అడిగింది నీళ్ళ గురించి కాదు. ఇంకెక్కడ అడగాలో తెలియక అందరి ముందూ ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఆ లిమిట్ సంగతి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1984లో పెట్టిన మార్గదర్శక విలువ. దేశాలు తమ ప్రమాణాలు పెట్టుకునేటప్పుడు వాతావరణం, జనం తాగే నీళ్ళ పరిమాణం, ఇతర మార్గాల్లో వచ్చే ఫ్లోరైడ్ కూడా చూసుకోవాలని ఆ సంస్థే చెప్పింది. మా దాకా వచ్చేసరికి ఆ మాటలు పోయి అంకె ఒక్కటే మిగిలింది. లీటరు నీళ్ళలో ఎంత ఫ్లోరైడ్ ఉందో మాత్రమే ఆ అంకె చెప్తుంది. తాగే మనిషి రోజుకు ఎన్ని లీటర్లు తాగుతున్నాడు, అతని బరువెంత, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయి, టీ ఎంత తాగుతాడు అన్నవి అందులో లేవు.

క్లాసులో పిల్లల చేత చేయించిన చిన్న లెక్క ఇక్కడ పెడుతున్నాను. నీళ్ళు సరిగ్గా 1.5 దగ్గరే ఉన్నాయనుకుందాం. 60 కిలోల మనిషి నీడపట్టున కూర్చుని పనిచేస్తూ రోజుకు 2 లీటర్లు తాగితే అతని ఒంట్లోకి వెళ్ళేది 3 మిల్లీగ్రాములు, అంటే కిలో బరువుకు 0.05. అదే బరువున్న మనిషి రోజంతా ఎండలో రాళ్ళు మోస్తూ 6 లీటర్లు తాగితే 9 మిల్లీగ్రాములు, కిలోకు 0.15. ఇక ఇవే నీళ్ళతో కలిపిన పాలపొడి మీద పెరుగుతున్న 6 కిలోల పసిబిడ్డ రోజుకు 900 మిల్లీలీటర్లు తాగితే 1.35 మిల్లీగ్రాములు, కిలోకు 0.225. ముగ్గురూ తాగింది ఒకే కుళాయి నీళ్ళు. బిడ్డకు అందిన మోతాదు మాత్రం మొదటి మనిషికి అందినదానికి నాలుగున్నర రెట్లు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2013లో అన్ని మార్గాల్లో కలిపి రోజుకు కిలో బరువుకు 0.05 మిల్లీగ్రాములు చాలని చెప్పింది. పిల్లలకూ పెద్దలకూ అదే. మా పిల్లల్లో ఒకడు బోర్డు మీద ఈ మూడు అంకెలూ రాసి, "టీచర్, మరి లిమిట్ ఎవరి కోసం పెట్టారు?" అని అడిగాడు. ఆ ప్రశ్న మీకే పంపుతున్నాను.

తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా స్వల్పంగా ఉంటుంది. తల్లి తాగే నీళ్ళలో ఎక్కువున్నా పాలలోకి పెద్దగా దిగదు. ఈ ఒక్క మాట డెలివరీ అయిన ప్రతి తల్లికీ చెప్తే ఎంత బాగుంటుంది! బిడ్డకు మంచిదని నీళ్ళు మరగబెట్టి పాలు కలిపే తల్లులు చాలామంది ఉన్నారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరయ్యే కొద్దీ అది ఇంకాస్త చిక్కబడుతుంది కూడా.

మనుషుల్ని చూడకుండా నీళ్ళను మాత్రమే చూడటం ఈ శాస్త్రానికి మొదటినుంచీ ఉన్న అలవాటు కాదు. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చూశాడు. కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్ అని చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షలో తేలింది 1931లో. ముప్పై ఏళ్ళపాటు ఆధారం పిల్లల నోళ్ళలోనే ఉంది. తర్వాత డీన్ అనే అమెరికా దంతవైద్యుడు ఊరూరా పిల్లల పళ్ళ మచ్చలను గ్రేడులుగా రాసుకుని, ఆ ఊళ్ళ నీళ్ళతో పోల్చాడు. ఆయన 1942లో ఇచ్చిన సూచికనే మీరు ఇవాళ్టికీ వాడుతున్నారు. ఎముకల సంగతీ ఇంతే. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయిన మనుషుల్ని షార్ట్, ఆయన తోటి డాక్టర్లు పరీక్షించి రాశారు. 1973లో నాగార్జునసాగర్ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిన పిల్లల్ని చూసి కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో రాశారు. వీళ్ళంతా మనిషి దగ్గర మొదలుపెట్టి నీళ్ళ దగ్గరికి వెళ్ళారు. ఇప్పుడు నీళ్ళ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు.

కొలవకపోవడం వల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో కింద రాస్తున్నాను.

1. జబ్బుకు వేరే పేరు పడుతోంది. మా అమ్మ మెడ ఎత్తి దండెం మీద బట్టలు ఆరేయలేకపోయేది. దండెం కిందికి దించాం. కొన్నాళ్ళకు నేల మీద కూర్చుంటే లేవలేకపోయింది. పదకొండేళ్ళు కీళ్ళవాతం అనుకుంటూ నొప్పి మాత్రలు మింగింది. చివరికి ఒక డాక్టరు అమ్మ ముందుచెయ్యికి ఎక్స్‌రే తీయించి, రెండు ఎముకల మధ్య ఉండే పొర ముళ్ళు ముళ్ళుగా గట్టిపడి ఉండటం చూపించారు. "ఇంతకుముందు ఎక్కడ ఉండేవారమ్మా, ఏ నీళ్ళు తాగేవారు?" అని అడిగింది ఆయనొక్కరే. అమ్మ అంతకుముందు ఇరవై ఏళ్ళు వేరేచోట బోరు నీళ్ళు తాగింది. ఆ బోరు ఎప్పుడో ఎండిపోయింది. ఇవాళ మా కుళాయి నీళ్ళు కొలిస్తే వచ్చే అంకెకు అమ్మ ఎముకలతో సంబంధం లేదు. ఒంట్లో నిలిచే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. మనిషి ఊరు మారినా అది వెంట వస్తుంది.

2. పంటి మచ్చ ఎప్పటిదో ఎవరూ చెప్పడం లేదు. ముందు పళ్ళ పింగాణి తయారయ్యేది బిడ్డ పుట్టిన మొదటి కొన్నేళ్ళలో, ఆ పళ్ళు చిగురు బయటికి రాకముందే. ఎనిమిదేళ్ళ వయసు దాటాక ఎంత ఫ్లోరైడ్ తీసుకున్నా ముందు పళ్ళ మీద కొత్తగా ఈ మచ్చలు రావు. అంటే మచ్చ చెప్పేది పసితనపు సంగతి. మా అమ్మాయిని పళ్ళు సరిగ్గా తోముకోమని తిట్టినవాళ్ళున్నారు. చెప్పడానికి బాధగా ఉంది, వాళ్ళలో నేనూ ఉన్నాను. తోమి తోమి చిగుళ్ళలో రక్తం వచ్చేది. ఇప్పుడు నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

3. కిడ్నీ జబ్బున్నవాళ్ళు లెక్కలోనే లేరు. ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్ బయటికి పోయే ముఖ్యమైన దారి కిడ్నీలే. అవి సరిగ్గా పనిచేయకపోతే అది లోపలే పేరుకుంటుంది. షుగర్ అదుపులో లేక అస్తమానం దాహం వేసేవాళ్ళు నీళ్ళు ఎక్కువ తాగుతారు. వీళ్ళకు సగటు మనిషి లిమిట్ చూపించి భయం లేదనడం న్యాయం కాదు.

4. నీళ్ళు కాక వేరే దారులు ఎవరికీ కనబడటం లేదు. టీ మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లోకి లాక్కుంటుంది. నీళ్ళలో ఏమీ లేకపోయినా, చిక్కటి డికాషన్‌లోకి ఆకు నుంచే లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించి దిగవచ్చు. చైనాలో ఇళ్ళలోపల బొగ్గు కాల్చిన పొగ వల్ల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) వచ్చిన ప్రాంతాలున్నాయి. అక్కడ నీళ్ళు కొలిచి ఊరుకుంటే జబ్బుకు కారణం ఎప్పటికీ దొరికేది కాదు. పేస్టు సంగతి కూడా చెప్పాలి. 1000 పీపీఎం పేస్టు ఒక గ్రాములో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది. బ్రష్ పొడుగునా పెట్టి ఇస్తే ఉమ్మడం రాని పిల్లాడు అందులో చాలా భాగం మింగేస్తాడు. నేను పేస్టు మానేయమనడం లేదు. పళ్ళు పుచ్చకుండా అది కాపాడుతుంది. మూడేళ్ళ లోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత చాలని తల్లులకు చెప్పమంటున్నాను.

5. పిల్లల చదువు గురించిన భయానికి జవాబు దొరకడం లేదు. దీని మీద కాస్త వివరంగా రాయాలి.

2024 ఆగస్టులో అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ ఒక నివేదిక ఇచ్చింది. నీళ్ళలో 1.5 మిల్లీగ్రాములకు మించిన స్థాయిలో ఫ్లోరైడ్ అందే పిల్లలకూ తక్కువ ఐక్యూకూ సంబంధం ఉందని మధ్యస్థమైన నమ్మకంతో చెప్పింది. అంతకంటే తక్కువైన 0.7 దగ్గర ఏమవుతుందో తేల్చడానికి డేటా చాలదని కూడా అంది. 2025 జనవరిలో జామా పీడియాట్రిక్స్ పత్రికలో 74 అధ్యయనాల్ని సమీక్షించిన విశ్లేషణ వచ్చింది. ఒక్కో వ్యక్తి మూత్రం కొలిచిన అధ్యయనాల్ని కలిపి చూస్తే, లీటరుకు 1 మిల్లీగ్రాము పెరిగినప్పుడు ఐక్యూ 1.63 పాయింట్లు తక్కువగా కనబడింది. అయితే ఆ 74లో 52 అధ్యయనాలు తప్పు దారి పట్టే అవకాశం ఎక్కువగా ఉన్నవేనని రాసినవాళ్ళే ఒప్పుకున్నారు. న్యూజిలాండ్‌లో పిల్లల్ని పుట్టినప్పటినుంచీ గమనించిన డునెడిన్ అధ్యయనంలో, పళ్ళు పుచ్చకుండా ఫ్లోరైడ్ కలిపిన నీళ్ళ వల్ల ఐక్యూలో తేడా ఏమీ కనబడలేదు.

ఒక తల్లి ఈ వార్తలన్నీ చదివి ఏమనుకోవాలి? ఒకరోజు భయం, ఒకరోజు ఊరట. నాకు అర్థమైనంతలో ఈ గొడవకు సగం కారణం కొలతే. చాలా అధ్యయనాలు ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న ఊరు, తక్కువ ఉన్న ఊరు అని విడదీసి, ఆ రెండు ఊళ్ళ పిల్లల్ని పోల్చాయి. ఒక్కో బిడ్డకు ఎంత అందిందో చూసినవి తక్కువ. 2019లో కెనడాలో 512 జతల తల్లీబిడ్డల మీద చేసిన అధ్యయనంలో గర్భిణుల మూత్రాన్ని నెలలు గడిచే కొద్దీ మళ్ళీ మళ్ళీ కొలిచారు, పల్చదనాన్ని లెక్కలోకి తీసుకుని సరిచేశారు. తల్లి మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువున్నప్పుడు మగపిల్లల్లో ఐక్యూ తగ్గినట్టు కనిపించింది, ఆడపిల్లల్లో అలా కనబడలేదు. దాని మీదా వాదనలున్నాయి. ఉండనివ్వండి. మనిషిని కొలిచారు కాబట్టి కనీసం వాదించడానికి ఒక అంకె ఉంది.

మనిషిని కొలవడం కష్టమని మీరు అంటారు. నిజమే, నీళ్ళంత తేలిక కాదు. ఇప్పుడే టీ తాగినవాడి మూత్రంలో ఒక అంకె, ఆరు గంటలాగితే ఇంకో అంకె వస్తుంది. నీళ్ళు బాగా తాగితే మూత్రం పల్చబడి అంకె పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో లోపలికి వెళ్ళినదాంట్లో సుమారు సగం మూత్రంలో బయటికి వస్తే, ఎముకలు పెరిగే పిల్లల్లో ఇంకా తక్కువ వస్తుంది, ఎక్కువ భాగం ఎముక పట్టుకుంటుంది. అందుకే బిడ్డ మూత్రంలో తక్కువ కనబడితే బిడ్డకు తక్కువ అందిందని చెప్పడానికి లేదు. ఇదంతా మీకు తెలిసిన విద్యే. 24 గంటల మూత్రం ఎలా పట్టాలో, ఎలా లెక్కించాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో పుస్తకంగా వేసింది. గోరు కత్తిరించి పరీక్షిస్తే కొన్ని నెలల కిందటి సంగతి తెలుస్తుంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉన్న మీటర్ నీళ్ళ ల్యాబ్‌ల్లో ఇప్పటికే ఉంది, మూత్రానికీ అదే పనికొస్తుంది. కావలసింది పద్ధతి, ఓపిక, ఆ అంకె ఎవరిదో వాళ్ళకు చెప్పాలన్న మనసు.

అందువల్ల మిమ్మల్ని కోరుతున్నవి ఇవి:

1. ఎవరి ఒంట్లోంచి నమూనా తీసుకున్నారో వాళ్ళకు ఫలితం రాతపూర్వకంగా ఇవ్వండి. అంకె ఒక్కటే ఇస్తే మాకు అర్థం కాదు. అది ఎక్కువా తక్కువా, ఇప్పుడు ఏం చేయాలి అన్నది చదువు రానివాళ్ళకు కూడా తెలిసేలా చెప్పండి. ఇప్పటిదాకా తీసుకున్న నమూనాలన్నిటికీ ఇది వర్తించాలి. సగటు మీ రిపోర్టుకు చాలు, మాకు చాలదు.

2. నీళ్ళు 1.5 దాటిన చోట్లే కాకుండా, దానికి దగ్గరగా ఉన్న చోట్ల కూడా మనుషుల్ని పరీక్షించండి. 1.4 కూ 1.6 కూ మధ్య ఒంటికి తెలిసే గోడ ఏమీ లేదు. పక్కపక్క బోర్లలోనే తేడా ఉంటుంది, ఒకే బోరులో ఎండాకాలానికీ వానాకాలానికీ తేడా వస్తుంది. ఎప్పుడో ఒకసారి తీసిన ఒక్క శాంపిల్‌తో ఏళ్ళ తరబడి మాకు భరోసా ఇవ్వకండి.

3. ఒక్కసారి పట్టిన మూత్రంతో తేల్చేయకండి. వీలైతే 24 గంటలది, కాకపోతే వేర్వేరు రోజుల్లో పట్టినవి తీసుకుని, పల్చదనానికి తగ్గట్టు సరిచేయండి. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేయండి. ఆ రోజు ఎన్ని గ్లాసుల నీళ్ళు, ఎన్ని కప్పుల టీ తాగారు, పేస్టు ఎంత వాడారు, ఎన్నేళ్ళుగా ఏ నీళ్ళు తాగుతున్నారు అని అడిగి రాసుకోండి. మా స్కూల్లో ఇందులో ఒక్క ప్రశ్నా అడగలేదు.

4. గర్భిణులు, డబ్బాపాలు తాగే పసిబిడ్డలు, కిడ్నీ రోగులు, ఎండలో కష్టం చేసేవాళ్ళు. మొదట వీళ్ళు.

5. డాక్టర్లకు నా విన్నపం ప్రత్యేకంగా. నడుము, మెడ, కీళ్ళ నొప్పులతో వచ్చిన మనిషిని వంగి కాలివేళ్ళు అందుకోమనండి, గడ్డం ఛాతీకి ఆనించమనండి, చేతులు తల వెనక్కి పెట్టమనండి. రెండు నిమిషాల పని. బిగుసుకుపోయినట్టు అనిపిస్తే ఏ నీళ్ళు తాగారో అడిగి, ముందుచెయ్యి ఎక్స్‌రే, మూత్రపరీక్ష రాయండి. మా అమ్మకు ఇది పదకొండేళ్ళు ముందు జరిగి ఉంటే ఆమె నీళ్ళు అప్పుడే మార్చేవాళ్ళం. ఒకసారి వంగిన ఎముకను ఏ మందూ వెనక్కి తేలేదు.

6. ఈ కొలతలన్నీ పూర్తయ్యేదాకా మంచినీళ్ళు ఆపకండి. పరిశోధన నడుస్తోందన్నది నీళ్ళు ఇవ్వకపోవడానికి కారణం కాకూడదు. ఎముకల మీద, పళ్ళ మీద జరిగే నష్టం గురించి కొత్తగా రుజువు చేయాల్సిందేమీ లేదు.

మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్ళు. ఫలితం ఎప్పుడొస్తుందని అడగడం మానేసింది. కాగితం మీద నా సంతకం ఉంది, మీ బృందంలో ఒకరి సంతకం ఉంది. దాని నకలు నాలుగోసారి మీకు పంపుతున్నాను. డబ్బా నంబరు 87. ఆ నంబరుకు ఎదురుగా మీ రిజిస్టర్‌లో ఏం రాసి ఉందో నాకు, నాతోపాటు సంతకం పెట్టిన మిగతా తల్లిదండ్రులందరికీ ఈ నెలాఖరులోపు తెలియజేయండి.

ఇట్లు,
87వ నంబరు పిల్ల తల్లి